మంచం పట్టని గది

మా పెరట్లో నేను కట్టించుకున్న గది లోపలి కొలత ఆరడుగులకు ఆరడుగులు. మామూలు మంచం పొడవు ఆరుంపావు అడుగులు. ఆ పావు అడుగు తేడా కావాలని పెట్టించుకున్నదే. మంచం పట్టే గది కడితే ఏడాది తిరక్కుండా అందులో మంచం పడుతుంది. ఆ మంచానికో పరుపు, పరుపు మీదికి వచ్చేపోయే చుట్టాలు, వాళ్లు వెళ్లాక మళ్లీ వచ్చేదాకా దాచాల్సిన దుప్పట్లు. ఇక ఆ గది మనది కాదు.

"ఐమూలగా వేస్తే పడుతుంది కదా" అన్నారు మా ఆయన, చేతిలో టేపు పట్టుకుని. పొడవు ఒక్కటే లెక్కేస్తే నిజమే. ఆరడుగుల చదరానికి ఐమూల ఎనిమిదిన్నర అడుగుల దాకా వస్తుంది. అందుకే రాసుకునే బల్లను ఈ గోడ నుంచి ఆ గోడకి పొడుగునా బిగించేశాను. రెండడుగుల వెడల్పు చెక్క, కింద ఇనుప బ్రాకెట్లు. దాన్ని ఊడబెరికితే తప్ప ఐమూల దొరకదు. ఆయన నవ్వి టేపు చుట్టేసుకున్నారు.

మేస్త్రీకి మాత్రం ఈ వ్యవహారం బొత్తిగా నచ్చలేదు. "ఇంకో నాలుగడుగులు లాగితే బాత్రూం కూడా వచ్చేస్తుందమ్మా. రేపు ఎవరికైనా ఇచ్చుకోవచ్చు" అన్నాడు. ఆయన మాటలో తప్పేమీ లేదు. మనుషుల్ని పెట్టి పునాది తవ్వించేటప్పుడు కాస్త పెద్దదే కట్టుకోమని ఎవరైనా చెప్తారు. కానీ నాకు కావలసిందే ఎవరికీ ఇవ్వలేని గది. ఇంకెందుకూ పనికిరానంత చిన్నదైతేనే అది నా ఒక్కదానికి పనికొస్తుంది. ఈ మాట ఆయనకి ఎంత చెప్పినా ఎక్కలేదు. చివరికి "సరే, మీ ఇష్టం" అని, పూజగదికి కట్టినట్టు కట్టాడు.

నా పని ప్రూఫులు దిద్దడం. ఎక్కువగా బడిపిల్లల పాఠ్యపుస్తకాలు, అప్పుడప్పుడు ఎవరిదైనా సిద్ధాంత గ్రంథం. ఒక వాక్యంలో "కలదు" ఉండి తర్వాతి వాక్యంలో "ఉంది" వస్తే పట్టుకోవాలి. లెక్కల పుస్తకంలో ఎనిమిదో పేజీ ప్రశ్నకి చివర్లో ఇచ్చిన జవాబు సరిపోతుందో లేదో చూడాలి. పెద్ద తెలివితేటలేం అక్కర్లేదు, దృష్టి చెదరకుండా ఉంటే చాలు. అదే ఇంట్లో దొరకదు. మా ఇంట్లో గదులు లేవని కాదు. పడగ్గదిలో కిటికీ దగ్గర టేబుల్ ఉంది, తలుపేసుకుంటే ఎవరూ రారు కూడా. అయినా పని సాగదు. ఎందుకంటే ఆ గదిలో ఎటు చూసినా ఏదో ఒక పని కనబడుతుంది. కుర్చీ మీద మడతపెట్టని బట్టలు, దుమ్ము పట్టిన ఫ్యాను రెక్కలు, కుట్టు ఊడిన దిండు గలీబు. మనుషులు పిలిస్తే "ఆగండి" అనొచ్చు. దిండు గలీబుకి ఏం చెప్తాం? మగవాళ్లకి ఇవి కనబడవని నేననను గానీ, కనబడినా లేపి కూర్చోబెట్టవనే నా అనుమానం.

అందుకే పెరటి గదిలో నా పని తప్ప కంటికి ఇంకే పనీ కనబడకూడదని ముందే అనుకున్నాను. గోడకి అరలు పెట్టించలేదు. అర ఉంటే దాని మీదికి ఏదో ఒకటి వచ్చి చేరుతుంది. ఒక కుర్చీ, బల్ల, లైటు, ఫ్యాను, నిఘంటువులు పెట్టుకోవడానికి బల్ల కింద ఒక చెక్కపెట్టె. అంతే.

ఇలాంటి చిన్న గదుల గురించి తెలిసిన సంగతులు కొన్ని చెప్పాలి. నేనేదో కొత్త విద్య కనిపెట్టానని కాదు, నాకంటే ముందు చాలామంది పడిన తంటాలే ఇవి. ఇంగ్లండ్‌లో అయోట్ సెయింట్ లారెన్స్ అనే పల్లెలో నాటక రచయిత బెర్నార్డ్ షాకి తోట చివర 64 చదరపు అడుగుల చెక్క గది ఉండేది. అది మధ్యలో ఒక ఇరుసు మీద నిలబడి ఉంటుంది. ఎండ ఎటు తిరిగితే అటు భుజంతో నెట్టి తిప్పుకోవచ్చు. దానికి ఆయన లండన్ అని పేరు పెట్టాడు. ఎవరైనా పనిలేని మనిషి వస్తే ఇంట్లోవాళ్లు "ఆయన లండన్‌లో ఉన్నారండీ" అనేవాళ్లు. అబద్ధమాడినట్టు కాదు, వచ్చినవాడు తిరిగి వెళ్లకా తప్పదు. మా అమ్మాయికి ఈ కథ చెప్పాను. అప్పట్నుంచి నాకు ఫోనొస్తే "అమ్మ బయటికెళ్లిందండీ" అంటోంది. పెరడు ఇంటికి బయటేగా!

ఇంకొకటి నాకు బాగా నచ్చినది. కాంక్రీటుతో మహా కట్టడాలు కట్టిన ఆర్కిటెక్టు లె కొర్బూజియే తన కోసం 1952లో ఫ్రాన్స్ దక్షిణ తీరంలో, రోక్‌బ్రూన్ అనేచోట సముద్రం ఒడ్డున చెక్కతో ఒక గది కట్టుకున్నాడు. పొడవు 366 సెంటీమీటర్లు, వెడల్పూ 366, ఎత్తు 226. చండీగఢ్ లాంటి నగరానికి ప్లాను గీసినాయన పన్నెండడుగుల చదరంలో సర్దుకున్నాడు. అందులో వంటిల్లు లేదు. పక్కనే ఉన్న చిన్న భోజనశాలలోకి ఒక తలుపు పెట్టుకుని ఆ సమస్య తీర్చుకున్నాడు. మంచం ఉంది, బల్ల ఉంది, చేతులు కడుక్కునే తొట్టి ఉంది, టాయ్‌లెట్ కూడా ఉంది. ఎంత పొందికగా అమర్చాడోనని ఆర్కిటెక్చర్ చదివేవాళ్లు మెచ్చుకుంటారు. నేను పట్టుకున్నది ఇంకొకటి. అన్నీ ఉన్న ఆ గదికి కొద్ది దూరంలో, పని చేసుకోవడానికని అంతకంటే చిన్న పాక ఒకటి విడిగా పెట్టుకున్నాడు! మంచం లోపలికొచ్చింది, పని బయటికి నడిచింది. ఇది మా మేస్త్రీకి చెప్పాల్సింది, అప్పటికి నాకు తెలీదు.

సంగీతకారుడు గుస్టావ్ మాలర్ గది కథ ఇంకా పాఠం లాంటిది. 1890లలో ఆయన వేసవి సెలవుల్లో ఆస్ట్రియాలోని స్టెయిన్‌బాఖ్‌లో, ఆటర్‌సే సరస్సు ఒడ్డున చిన్న గది కట్టించుకుని అందులో స్వరాలు రాసుకునేవాడు. ఆయన వెళ్లిపోయాక తర్వాతి కాలంలో దాన్ని బట్టలుతికే గదిగా వాడారు, మరుగుదొడ్డిగానూ వాడారు. చాలా ఏళ్లకి బాగుచేసి స్మారకంగా పెట్టారనుకోండి. ఖాళీగా కనబడే నాలుగు గోడల్ని లోకం అలా ఉండనివ్వదు. మాలర్ గదికే దిక్కులేనప్పుడు నా గది ఎంత?

సరే, కట్టడం సంగతికొస్తాను. చోటు ఎంచుకోవడంలో నేను చూసుకున్నది దూరం. ఇంటి గోడకి ఆనుకుని కడితే ఒక గోడ ఖర్చు మిగులుతుంది, కరెంటు లాగడం తేలిక. కానీ ఇంటికి తగిలించిన గది ఇంట్లో గదే. చెప్పులు వేసుకుని నాలుగడుగులు నడిచి వెళ్లాలి, వానొస్తే కాస్త తడవాలి. ఆ నడకలోనే ఇల్లు వెనకబడుతుంది. జపాన్‌లో టీ గదులు కట్టేవాళ్లకి ఈ కిటుకు బాగా తెలుసు. వీధిలోంచి నేరుగా గదిలోకి దారుండదు. తోటలోంచి రాళ్లు పరిచిన చిన్న బాట మీద నడిచి, చేతులు కడుక్కుని వెళ్లాలి. పాత పద్ధతి గదులకి లోపలికెళ్లే ద్వారం అటూ ఇటూగా రెండడుగుల ఎత్తే ఉంటుంది. ఎంత గొప్పవాడైనా వంగి, మోకాళ్ల మీద జరుగుతూ పోవాల్సిందే, కత్తి ఉంటే బయట వదిలేయాల్సిందే. నాది మామూలు తలుపే. మోకాళ్లు ఒప్పుకోవు.

పడమటి వైపు చెట్టుంది కాబట్టి ఆ నీడలోకి గదిని జరిపాం, కానీ మరీ మొదట్లోకి పోలేదు. వేర్లు నరుక్కుంటూ పునాది తవ్వితే చెట్టుకీ మంచిది కాదు, ఆ వేర్లు మళ్లీ పెరిగితే గచ్చుకీ మంచిది కాదు. ప్రహరీకీ గదికీ మధ్య ఒక మనిషి చీపురు పట్టుకుని దూరేంత సందు వదిలాం. ఆ సందు లేకపోతే రాలిన ఆకులు కుళ్లి గోడ చెమ్మగిల్లుతుంది. కొన్ని చోట్ల ఇంత చిన్న కట్టడానికి కూడా అనుమతి కావాలి, సరిహద్దు గోడ నుంచి ఇంత దూరం వదలాలని నిబంధన ఉంటుంది. తవ్వకం మొదలుపెట్టకముందే కనుక్కోవడం మేలు.

బేస్‌మెంటు నేల నుంచి అడుగున్నర లేపించాను. నీళ్ల కోసం కొంత, చెదల కోసం ఎక్కువ. చెదలు నేలలోంచి మట్టి గొట్టాలు కట్టుకుంటూ పైకి పాకుతాయి, వెలుతురులో తిరగవు. బేస్‌మెంటు గోడ చుట్టూ ఏమీ ఆనించకుండా ఖాళీగా ఉంచితే ఆ గొట్టం కనబడగానే గీకేయొచ్చు. గోడకి ఇటుకలో, పాత పలకలో ఆనించి పెట్టామా, వాటి వెనక చాటుగా ఎక్కేస్తాయి. తలుపు ద్వారబంధం అడుగు కొస కూడా మట్టిని తాకకూడదు, సిమెంటు మీదే నిలబడాలి.

పైకప్పు దగ్గర ఇంట్లో వాదన జరిగింది. మామగారు స్లాబు వేయించమన్నారు. నాకు రేకే కావాలనిపించింది. వాన చప్పుడు వినాలని ఒక కారణం, స్లాబు వేస్తే దాని మీద ఇంకేదో ఎక్కుతుందన్నది ఇంకో కారణం. ముందు నీళ్ల ట్యాంకు, తర్వాత మెట్లు, ఆ తర్వాత పై అంతస్తు. రేకు మీద ఎవరూ ఏమీ కట్టలేరు. కానీ రేకుకి ఎండ ఉంది. రేకు వేడెక్కితే కింద కూర్చున్నవాళ్ల నెత్తి మీదికి సెగ నేరుగా దిగుతుంది, ఫ్యాను వేస్తే ఆ వేడిగాలినే తిప్పుతుంది. అందుకే రేకు పైన తెల్ల రంగు కొట్టించి, కింద జానెడు ఖాళీ వదిలి వెదురు తడక కట్టించాను. ఆ జానెడు ఖాళీకి రెండు చివర్లా తెరిచి వల బిగించారు. లోపల చేరిన వేడిగాలి అటునుంచి అటే పోతుంది. తడక వల్ల వాన మోత కూడా తగ్గి, వినడానికి బాగుంటుంది. ఉత్త రేకు కింద గట్టి వానలో పక్కమనిషి మాట కూడా వినబడదు. వాలు ముందు నుంచి వెనక్కి ఒక అడుగు, చూరు అన్ని వైపులా అడుగున్నర. ఇంకో చిన్న సంగతి: ముడతల రేకుకి స్క్రూలు ఉబ్బు మీద బిగించాలి, పల్లంలో బిగిస్తే నీళ్లు పారేది ఆ చిల్లు మీదనుంచే. స్క్రూ కింద రబ్బరు వాషర్ ఉందో లేదో దగ్గరుండి చూసుకోవాలి.

కిటికీ ఉత్తరానికి పెట్టాం. భూమధ్యరేఖకి పైన ఉండేవాళ్లకి ఉత్తరం వైపు నుంచి నేరుగా పడే ఎండ తక్కువ, మెత్తటి వెలుతురు వస్తుంది. అచ్చు కాగితం మీద ఎండ పడితే అక్షరాలు ఎగిరిపోయినట్టుంటాయి, అరగంటలో కళ్లు లాగేస్తాయి. భూమధ్యరేఖకి దిగువన ఉండేవాళ్లకి ఈ లెక్క తిరగబడి దక్షిణం అవుతుంది. కిటికీ కుర్చీకి ఎదురుగా పెట్టలేదు, ఎడమ చేతి పక్కన పెట్టాం. కుడిచేత్తో రాసేవాళ్లకి అటునుంచి వెలుతురు వస్తే చేతి నీడ రాసే చోట పడదు. ఎదురుగా కిటికీ ఉంటే వెలుతురు బాగానే ఉంటుంది గానీ, నేను ఉడతల్ని లెక్కపెడుతూ కూర్చుంటాను.

చిన్న గదికి అసలు గండం గాలి. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. నా గదిలో పట్టే గాలి ఏడున్నర ఘనమీటర్ల పైచిలుకు, అంటే సుమారు 7,600 లీటర్లు. కదలకుండా కూర్చుని పని చేసుకునే మనిషి గంటకి ఇంచుమించు 18 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదుల్తాడు. బయటి గాలిలో అది పది లక్షల పాళ్లకి 420 పాళ్ల పైన ఉంటుంది. తలుపు, కిటికీ, సందులు అన్నీ బిగించేసుకుని కూర్చుంటే ఒక్క గంటలో 2,500 దాటిపోతుంది. ప్రాణం మీదికేమీ రాదు గానీ తల బరువెక్కుతుంది, ఆవలింతలొస్తాయి, చదివిన లైనే మళ్లీ చదువుతాం. ప్రూఫులు చూసేవాళ్లకి ఇంతకన్నా చేటు లేదు. పైగా మనిషి ఒళ్లే వంద వాట్ల దాకా వేడి వదుల్తుంది, పాతకాలం బల్బు ఒకటి పక్కన వెలుగుతున్నట్టే. అందుకని తలుపు కింద వేలెడు సందు, ఎదుటి గోడకి పైన వెంటిలేటర్ తప్పనిసరిగా పెట్టించాను. చల్లగాలి కింద నుంచి వస్తుంది, వేడిది పై నుంచి పోతుంది. చలికాలంలో కూడా వాటిని మూయను. చలికి కుంపటి పెట్టుకోవాలనుకునేవాళ్లకి ఒకటే మాట: ఇంత చిన్న గదిలో బొగ్గుల కుంపటి పెట్టి తలుపేసుకోవడమంటే ప్రాణాలతో చెలగాటం. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, తెలివి తప్పేదాకా తెలియదు.

కరెంటు తీగను గాల్లో వేలాడదీయలేదు, పైపులో పెట్టి భూమిలో పాతించాం. ఎక్కడ పాతిందీ గోడ మీద పెయింటుతో గీత గీసి పెట్టాం, రేపెవరో మొక్క నాటడానికి గునపం దించకుండా. లోపల, కరెంటు ఎటైనా లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ యాంపియర్ల లీకేజీ బ్రేకరు పెట్టించాను. తడి చెప్పులతో వచ్చి స్విచ్ వేసే గదికి అది లేకపోతే కుదరదు. వైఫై అందదు. అందేలా చేయొచ్చని మా అమ్మాయి ఏదో పెట్టె తెస్తానంది. అక్కర్లేదన్నాను.

తాళం పెట్టలేదు, గొళ్లెం ఒకటే. లోపల దొంగకి పనికొచ్చేదేముంది? నార్వే సంగీతకారుడు ఎడ్వర్డ్ గ్రీగ్ బెర్గెన్ దగ్గర తన ఇంటి కింద నీళ్లొడ్డున ఇలాంటి గదే కట్టుకుని, బయటికెళ్లేటప్పుడు దొంగలకి చీటీ పెట్టి వెళ్లేవాడట: ఈ స్వరాల కాగితాలు నాకు తప్ప ఎవరికీ పనికిరావు, దయచేసి వాటిని వదిలేయండి అని. నా దిద్దిన ప్రూఫులకి ఆ మాటైనా చెప్పక్కర్లేదు.

ఇళ్ల పత్రికల్లో తోట గదుల ఫొటోలు వస్తుంటాయి. సోఫా, తివాచీ, చిన్న ఫ్రిజ్, మిణుకు మిణుకు దీపాల తోరణాలు. 2020 నుంచి ఇంటినుంచి పనులు ఎక్కువయ్యాక రెడీమేడ్‌గా తెచ్చి దించేవాళ్లూ బయల్దేరారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి. కానీ సోఫా పెట్టామంటే అది ఇంకో హాలు, ఫ్రిజ్ పెట్టామంటే ఇంకో వంటిల్లు. ఇంట్లోంచి పారిపోయి వెళ్లి మళ్లీ ఇల్లే కట్టుకోవడం నాకర్థం కాదు.

గది పూర్తయి రంగు ఆరిందో లేదో సామాను బయల్దేరింది. ముందు కూలర్ వచ్చింది. "చలికాలం వెళ్లేదాకానేనమ్మా, ఓ మూల పడుంటుంది" అన్నారు అత్తయ్య. ఆ గదికి మూల ఎక్కడుందో చూపించండి అత్తయ్యా అన్నాను. ఆవిడ వచ్చి, గుమ్మంలో నిలబడి నాలుగు వైపులా చూసి, "నిజమేనే, నీ కుర్చీకే చోటు లేదు" అని జాలిపడి వెళ్లారు. తర్వాత టీవీ కొన్న అట్టపెట్టె వచ్చింది, బల్ల కింద పట్టలేదు. మా అమ్మాయి సైకిలు హ్యాండిల్ దాకా వచ్చి ఆగిపోయింది. పన్నెండడుగుల గది అయితే ఈ మూడూ ఈపాటికి అందులో కాపురం పెట్టేవి, నేను ఆ సైకిలు సీటు మీద కూర్చుని ప్రూఫులు దిద్దేదాన్ని. మేస్త్రీ ఆమధ్య పక్కింటి పని మీద వచ్చి, మా పెరట్లోకి తొంగి చూసి, "ఇంకా ఖాళీగానే ఉందేంటమ్మా" అన్నాడు. ఆయన కట్టిన గదికి అంతకన్నా మంచి సర్టిఫికెట్ లేదు.

సామాను రాలేదు గానీ మనిషి వచ్చాడు. పొద్దున్నే నేను వంటింట్లో ఉండే వేళ మామగారు పేపరు పట్టుకుని అందులోకి వెళ్లడం మొదలుపెట్టారు. మొదట నాకు కొంచెం ఉక్రోషం వచ్చిన మాట నిజం. స్లాబు వేయించమని పోట్లాడింది ఆయనేగా! తర్వాత గమనిస్తే ఆయన పేపరు చదవట్లేదు, మడత కూడా విప్పకుండా ఊరికే కూర్చుంటున్నారు. డెబ్బై దాటిన మనిషికి ఈ ఇంట్లో ఊరికే కూర్చోవడానికి చోటు లేదని నాకెప్పుడూ తట్టలేదు. హాల్లో కూర్చుంటే ఎవరో ఒకరు "ఒంట్లో బాగాలేదా నాన్నా" అంటారు. ఇప్పుడు పొద్దున పూట గది ఆయనది, పదింటి తర్వాత నాది. ఈ ఒప్పందం మేం మాటల్లో చేసుకున్నది కాదు. ఆయన లేచి వచ్చేటప్పుడు కిటికీ రెక్క తెరిచి ఉంచుతారు, నేను సాయంత్రం నా కాగితాలన్నీ పెట్టెలో పెట్టేసి బల్ల ఖాళీ చేసి వస్తాను. ఎవరు వెళ్లినా ఒక్కరే. ఇద్దరు కూర్చోవాలంటే ఇంకో కుర్చీ కావాలి. మా ఆయన ఓ ప్లాస్టిక్ కుర్చీ చేత్తో పట్టుకుని "టీ తాగేటప్పుడు నేనూ వచ్చి కూర్చుంటాను" అన్నారు. టీ అయితే వరండాలో తాగుదాం, అక్కడ కుర్చీలు బోలెడున్నాయి అని ఆ కుర్చీని అక్కడికే పంపించాను.